సిఫారసు కాదు, సాక్ష్యం!

కిందటేడు అక్టోబరులో మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లికేషన్లు పెడుతూ, "అమ్మా, చాలా యూనివర్సిటీలు మూడేసి రికమండేషన్ లెటర్లు అడుగుతున్నాయి" అంది. సిఫారసు అనగానే మనకి తట్టేదేముంది వదినలూ, పెద్దవాళ్ళెవరైనా తెలుసా అనేగా! మా వారైతే "ప్రిన్సిపాల్ గారిని అడగమను" అన్నారు. పాపం, ఆయనకి మా పిల్ల మొహమైనా తెలీదు!

పాఠం చెప్పిన సారుని అడిగితే, "నువ్వే రాసి మెయిల్ చెయ్యి, నా పేరుతో పంపేస్తా" అన్నారట. అర్ధరాత్రి దాకా కూర్చుని రాసింది. "అసాధారణ ప్రతిభ, అద్భుత నాయకత్వం..." అని నాకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆపేసింది. "ఇది నేను కాదమ్మా" అంది, కళ్ళలో నీళ్ళు.

అప్పుడు అడిగి తెలుసుకున్నాను. యూనివర్సిటీ వాళ్ళ లింకు మాస్టారి మెయిల్‌కే వస్తుంది, ఉత్తరం వాళ్ళే నేరుగా పంపాలి. ఆ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటావా అని పిల్లల్ని ముందే అడుగుతారు. చూడనని ఒప్పుకుని, తీరా తనే రాసుకుంటే అది అబద్ధం కాదూ? బయటపడితే సీటే పోవచ్చు.

మర్నాడు ఇద్దరం కూర్చుని ఉత్తరం బదులు ఒక జాబితా రాశాం. ఆ సారు దగ్గర చదివిన సబ్జెక్టు, మార్కులు, ప్రాజెక్టులో తను చేసిన పని, ఎక్కడ తప్పింది, ఎలా సరిదిద్దింది, గడువు తేదీలు. అన్నీ ఒక్క పేజీలోనే. "మీరు చూసిందే రాయండి సార్" అని ఇచ్చింది. ఆయన చదివి, "ప్రోగ్రాం ఆగిపోతే రాత్రి ఏడింటిదాకా ల్యాబ్‌లో కూర్చున్నది నువ్వేనా!" అన్నారట. తనే రాశారు. మిగతా రెండూ ప్రాజెక్టు గైడు మేడమూ, ఇంటర్న్‌షిప్‌లో పని నేర్పినాయనా రాశారు.

మీ ఇంట్లో పిల్లలుంటే గుర్తుంచుకోండి. హోదా ఉన్నవాళ్ళని కాదు, మన పిల్లల్ని ఎరిగినవాళ్ళని అడగాలి. చాలా గడువులు డిసెంబరులోనే పడతాయి, అందుకని కనీసం నెల ముందే చెప్పాలి. మధ్యలో మర్యాదగా గుర్తుచెయ్యాలి. పనయ్యాక థాంక్స్ చెప్పడం మరవకూడదు.

వాళ్ళేం రాశారో మాకిప్పటికీ తెలీదు. అయిదు చోట్ల పెడితే రెండు చోట్ల సీటొచ్చింది.

నా ఇంటర్ టీసీ ఇంకా బీరువాలో ఉంది. రెండేళ్ళ చదువుకి, ప్రవర్తన అన్న చోట ఒకటే మాట, "శాటిస్‌ఫాక్టరీ" అని. క్లాసులో అందరికీ అదే! మా పిల్లకైనా తనని చూసి రాసిన నాలుగు మాటలు దక్కాయి. అది చాలదూ?