శాలువా కన్నా ముందు బూట్లు



వార్షికోత్సవ వేదికపై గెలిచినవారికి శాలువా కప్పడం మన ఆనవాయితీ. మంచిదే. కానీ శాలువా గెలిచాక వస్తుంది. గెలవకముందు ఏం కావాలో కూడా ఆలోచించాలని మా మనవి. ఇందుకు సానియా మీర్జానే ఉదాహరణగా తీసుకుందాం.

మహిళల టెన్నిస్‌లో గ్రాండ్‌స్లామ్‌ల తర్వాత 2015లో పెద్ద టోర్నీలు నాలుగు: ఇండియన్ వెల్స్, మయామి, మాడ్రిడ్, బీజింగ్. ఆ ఏడాది మన హైదరాబాదు అమ్మాయి, స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి డబుల్స్‌లో మాడ్రిడ్ తప్ప మిగతా మూడూ గెలిచింది. వింబుల్డన్, యూఎస్ ఓపెన్ కూడా గెలిచింది. ఏప్రిల్‌లోనే డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ స్థానం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే.

అయితే ఈ ఆటలో గెలిచిన పాయింట్లు 52 వారాలే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి లెక్కలోంచి పోతాయి. మళ్ళీ దేశదేశాలు తిరిగి సంపాదించుకోవాలి. విమాన టికెట్లు, బస, కోచ్ జీతం... అన్నింటికీ డబ్బే. ప్రతిభ ఒక్కటే ఎవరినీ విమానం ఎక్కించదు.

సానియా ఆరేళ్ళకే రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా వెన్నంటి ఉన్నారు. చిన్నతనంలోనే జీవీకే సంస్థ ఆర్థికంగా ఆదుకుంది. ఆ సంస్థ స్థాపకులు జి.వి.కృష్ణారెడ్డి గారు మన నెల్లూరు జిల్లావారే! 2005 ఫిబ్రవరిలో ఆమె హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. దేశమంతా చప్పట్లు కొట్టింది అప్పుడు. అండ మాత్రం అంతకు ఏళ్ళ ముందే దొరికింది.

మేము టెన్నిస్ కోర్టు అడగడం లేదు. మనవాళ్ళు ఆడేది కబడ్డీ, ఖోఖో, పరుగుపందెం. మండలంలో గెలిచినా, బస్సు ఛార్జీలు లేక, కాళ్ళకు బూట్లు లేక జిల్లా పోటీలకు వెళ్ళలేనివారు మనలో ఉన్నారు. ఆడపిల్లలైతే ఇంకా ఎక్కువ.

'చదువుకే డబ్బు చాలదు, ఆటలెందుకు?' అని కొందరంటారు. 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినే కదా! ముందు శిక్షణ ఇప్పించారు కనుకనే ఎక్కింది.

ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలారా, అక్కలారా! వచ్చే ఏడాది మాకు శాలువాలు వద్దు. ఆ డబ్బుతో, ఇంకా ఏమీ గెలవని ఒక చెల్లెలికి బూట్లు కొనివ్వండి. జిల్లా పోటీలకు బస్సు ఎక్కించండి. గెలుపు సంగతి ఆ తర్వాత మేము చూసుకుంటాం.