గూడబాతుల చెరువు, మన యూరియా లైను

యూరియా కోసం వినతిపత్రం పట్టుకొని మొన్న జనవరిలో మా మండలం నుంచి నలుగురం హైదరాబాద్ పోయాం. అబిడ్స్‌లో ఒక ఆఫీసు ముందు పొద్దంతా కూర్చుంటే సాయంత్రం కాగితం మీద ముద్ర వేసి పంపించారు. అటునుంచి అటే నాంపల్లికి నడిచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేలపట్టు రైతుల ఎరువు సంగతి ఎన్నాళ్లుగానో వింటున్నాం, ఒక్కరోజు పోయి కళ్లారా చూసి వద్దామని. తెల్లారి నెల్లూరులో దిగి, బస్సులో దొరవారిసత్రం మీదుగా చేరుకున్నాం.

చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లే. అక్టోబరులో వచ్చి మార్చి దాకా పిల్లలను సాకుతాయి. మేత పులికాట్ సరస్సులో. అక్కడ చేపలు పట్టుకొచ్చి పిల్లలకు పెడతాయి. రెట్ట చెరువులో పడుతుంది. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. ఆ నీళ్లే తూము దాటి వరి పొలాలకు పారతాయి. సముద్రం పక్కన ఉన్న చేప పొలంలో ఎరువైపోతుంది. దీనికి లైనులో చెప్పులు పెట్టే పని లేదు.

ప్రభుత్వం దీన్ని 1976లో పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించింది. అంతకు ముందు నుంచీ కాపాడింది ఊరివాళ్లే. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులైతే, తెల్ల సిపాయిలు కొంగలను కాలుస్తుంటే కలెక్టరుకు మొరపెట్టుకొని 1798లో కౌలు రాయించుకున్నారు. అదీ రైతుల వినతిపత్రమే. దానికి జవాబు దొరికింది.

రెట్టతోనే అందరి పొలాలు పండుతాయని నేననను. యూరియా కావాలి, సకాలంలో కావాలి. పక్షులతో నష్టపోయే చేపల చెరువుల రైతులకు పరిహారమూ ఇవ్వాలి. కానీ పక్షిని కాపాడడమంటే కంచె, బోర్డు, టికెట్టు అనుకుంటే సరిపోదు. చెరువు నిండకపోతే గూడబాతు గూడు కట్టదు, ఆయకట్టూ తడవదు. వానలకు ముందే వాగు కాలువల పూడిక తీయాలి. పక్షుల కేంద్రాల నిర్ణయాల్లో ఆయకట్టు రైతులను కూర్చోబెట్టాలి.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. మా ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద కొంగలు గూళ్లు పెట్టేవి. పూడికతీతలో ఆ చెట్లు నరికేస్తుంటే మేమెవరం అడ్డుపడలేదు. ఈసారి వినతిపత్రంలో యూరియా కింద ఇంకో వాక్యం రాద్దాం: మా చెరువు నింపండి, దానిలోని చెట్లు నరక్కండి.