గుండె మారిస్తే సరా... నడుమో?

అగళిలో ఓ ఇంటి ముందు తాతల నాటి పెట్రోలు జీపు ఉందనుకుందాం. అటు వెళితే మడకశిర, ఇటు సరిహద్దు దాటితే కర్ణాటకలోని శిరా. పెళ్ళిళ్ళకు జనం, సంతకు చింతపండు బస్తాలు... అన్నిటికీ అదే బండి. ఇంజను మూలగడం మొదలెట్టింది. ఇంట్లో కుర్రాడు దానికి రెట్టింపు సత్తువున్న డీజిలు ఇంజను బేరమాడి వచ్చాడు. షెడ్డులో పెద్ద మేస్త్రీ ఇంజను వంక చూడనేలేదు. వంగి, బండి వెనక కిందికి చూశాడు.

''ఇంజను గుండెకాయ, సరేనప్పా. నడుము సంగతేమి మల్ల?''

ఆ నడుమే వెనక యాక్సిల్. ప్రొపెల్లర్ షాఫ్టు తెచ్చిన తిప్పుడు బలాన్ని క్రౌను, పినియను అనే పళ్ళచక్రాలు అడ్డంగా మళ్ళిస్తాయి. రెండు రాడ్లు దాన్ని చక్రాలకు అందిస్తాయి. బండి బరువు మోసేదీ ఆ హౌసింగే.

ఓ చిన్న లెక్క చూద్దాం. పాత ఇంజను టార్కు 15 కిలోగ్రాము-మీటర్లు అనుకోండి. మొదటి గేరు దాన్ని 3 రెట్లు, యాక్సిల్ 5 రెట్లు చేస్తాయి. అంటే చక్రాల దగ్గర 225. కొత్త ఇంజను టార్కు 30 అయితే అక్కడ 450!

అయితే యాక్సిల్ మీద నిజంగా పడే భారాన్ని ఇంజనొక్కటే తేల్చదు. నేలకూ టైరుకూ ఉన్న పట్టు తేలుస్తుంది. వెనక చక్రాల మీద 1000 కిలోల బరువు, 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉంటే పొడి రోడ్డు మీద సుమారు 280 దగ్గర టైరు జారిపోతుంది. మిగతా బలం రబ్బరు కాల్చడానికే. ఒక రకంగా ఆ జారుడే యాక్సిల్‌కు రక్ష. జనాన్నీ బస్తాలనూ ఎక్కించి ఆ బరువును 1600 చేస్తే? టైరు 448 దాకా జారదు. అంతా యాక్సిలే భరించాలి. వెడల్పాటి టైర్లు వేసినా అంతే. ఖాళీ బండితో ఊరు చుట్టి ''ఏం కాలేదు చూశారా'' అనేవాళ్ళు మర్చిపోయేది ఇదే.

మరి గట్టి యాక్సిల్‌ను ఎంచుకోవడం ఎలా? ముందుగా రాడ్డు లావు. 30 మిల్లీమీటర్ల రాడ్డుకు బదులు అదే రకం ఉక్కుతో 33 మిల్లీమీటర్లది వేస్తే మెలితిప్పుడును తట్టుకునే శక్తి మూడో వంతు పెరుగుతుంది. క్రౌను చక్రం పెద్దదయ్యేకొద్దీ పళ్ళ మీద ఒత్తిడి తగ్గుతుంది.

రెండోది బరువు మోసే తీరు. సెమీ ఫ్లోటింగ్ రకంలో బండి బరువును కూడా రాడ్డే మోస్తుంది. అది విరిగితే చక్రం ఊడిపోయే ప్రమాదముంది. లారీల్లో కనిపించే ఫుల్ ఫ్లోటింగ్ రకంలో బరువు హబ్బు మీద ఉంటుంది, రాడ్డు పని తిప్పడమే. విరిగితే బండి ఆగుతుంది కానీ చక్రం చోటు వదలదు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

మూడోది నిష్పత్తి. డీజిలు ఇంజను తక్కువ చుట్లతోనే లాగుతుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లనుకుంటే, 5.38 నిష్పత్తితో టాప్ గేరులో 3000 చుట్ల దగ్గర వేగం గంటకు 74 కిలోమీటర్లు. 4.1 వేస్తే 97. ఇంజనుకు శ్రమ తగ్గుతుంది. కానీ పెరిగిన వేగాన్ని ఆపగల బ్రేకులు కావాలి. యాక్సిల్ వెడల్పు, కమాన్ల మధ్య దూరం, హ్యాండుబ్రేకు కుదరాలి. లేదంటే అతుకుల వెల్డింగే కొత్త బలహీనత.

అన్నీ కుదిరినా చట్టం ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం నిబంధనలు ఒప్పుకోని ఒక్కో మార్పుకూ 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ఇంజనుకు బయానా ఇచ్చేలోపే రవాణా కార్యాలయం గడప తొక్కాలి.

పెనుకొండ దగ్గర 2019లో ప్రారంభమైన కియా కర్మాగారం నుంచి వచ్చే సెల్టోస్‌లో ఇంజను బలం ముందు చక్రాలకే వెళుతుంది. వెనక ఈ క్రౌను, పినియనుల గొడవే లేదు. పాత జీపుకు ఆ సౌఖ్యం లేదు.

మేస్త్రీ చివరికి కుర్రాణ్ని అడిగింది ఒక్కటే. ''ఈ బండిలో ఎవరెవరు ఎక్కుతారప్పా?'' అమ్మ, చెల్లెలు, బడిపిల్లలు... లెక్క చెబుతూ చెబుతూ కుర్రాడు ఆగిపోయాడు. బేరం రద్దయింది. పాత ఇంజనే బోరు చేయించుకుని మళ్ళీ బండెక్కింది.