గుఱ్ఱపుసాలలు – గువ్వగూళ్లు

కోట చూడబోయిన మనవారు మొదట దేవాలయమును, పిదప రాజుగారి మేడను చూచి, మిగిలినదంతయు పాడుగోడలని తలచి తిరుగుముఖము పట్టుదురు. ఏనుగులు నిలిచిన సాలయు, గుఱ్ఱములు మేసిన కొట్టమును, పావురములు కాపురమున్న గోపురమును వీరి లెక్కలో కట్టడములే కావు. “పసుల కొట్టములో చూడదగిన దేమున్నది?” అని విద్యాధికులే ప్రశ్నించుచున్నారు. మన పూర్వులు ఇంత చిన్నచూపు చూడలేదు. గుఱ్ఱపుసాలకు మందుర యనియు, గువ్వగూటికి విటంక మనియు నిఘంటువులలో పేళ్లు పెట్టి నిలిపిరి. లోకము తన్ను గూర్చి యేమి తలపవలెనని రాజు కోరెనో యది మేడ చెప్పును. ఆతడు దేనిచేత రాజయ్యెనో యది సాల చెప్పును.

13వ శతాబ్దపు చివరిభాగమున మన తూర్పుతీరమునకు వచ్చిన మార్కోపోలో, ఇచ్చటి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రముమీదుగా తెప్పించుకొనుచుండిరనియు, వానిని సాకు తెలివి గలవారు లేక యేడాది తిరుగునప్పటికి చాలవరకు చచ్చుచుండెననియు వ్రాసెను. 1535 ప్రాంతమున విజయనగరమందున్న పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్, రాయలు ఏటికి 13,000 గుఱ్ఱములు కొనుచుండెనని చెప్పెను. ఆ సొమ్మెవరిది? దుక్కిదున్ని శిస్తు చెల్లించిన రైతుది. సాలను చూడనివాడు ఈ ప్రశ్న యడుగడు. మేడను మాత్రమే చూచినవానికి ఇది తోచనే తోచదు.

హంపిలో ఏనుగులసాల యని పేరొందిన కట్టడమును చూడుడు. ఒకే వరుసను 11 గదులు. ఒక్కొక్క గదిపై గుమ్మటము. ఆ గుమ్మటములును ఒక్క తీరుననుండక పలువిధములుగా నున్నవి. 1565 నాటి యుద్ధముతో పట్టణము పాడయ్యెను గాని ఆ సాల నేటికిని నిలిచియున్నది. సుల్తానుల దేశపు పనితనమును హిందూరాజులు తమ రాజధాని నడుమ నిలుపుకొనిరి. చరిత్రను మతకలహముల పట్టికగా మార్చదలచువారు ఆ గుమ్మటముల క్రింద గడియసేపు నిలుచుట మేలు. ఆ యేనుగులను కడిగి, మేపి, వాని పాదములచెంత ప్రాణములు పెట్టుకొని బ్రతికిన మావటివాని మాట మన పిల్లల పాఠపుస్తకములలో ఏ పుటయందున్నది?

ఇక గువ్వగూటి మాట. కడప జిల్లా గండికోటలో జుమ్మామసీదు చేరువను జాలకములు గల యొక గోపురమును జనులు పావురాల గోపురమని పిలుచుచున్నారు. ఆ కోటలోనే పెద్ద ధాన్యపుకొట్టును గలదు. చూపరులు పావురముల సొగసును తలచుకొని సంతోషించి పోవుదురే గాని, ఆ రెంటిని కలిపి చదువరు. పావురము తినునది గింజ. ఆ గింజను పండించిన చేయి యొకటున్నది.

ఫ్రాన్సు దేశమున గువ్వగూడు దొరల హక్కై యుండెను. దొరగారి పావురములు రైతు విత్తిన గింజలను ఏరుకొని తినెడివి. రైతు వానిని కొట్టరాదు. కొవ్విన పావురము దొరగారి పళ్లెములోనికి పోయెడిది. 1789 ఆగస్టులో ప్రజాప్రతినిధులు ప్రభువుల హక్కులను రద్దుచేయునపుడు ఈ హక్కును పేరెత్తి మఱి కొట్టివేసిరి. పారసీకదేశమున ఇస్ఫహాను చుట్టును వేలకొలది గూళ్లు గల గోపురములు కట్టి, పావురముల రెట్టను ఖర్బూజా తోటలకు ఎరువుగా వేసిరి. పక్షి యొక్కటే. గింజ యెవరిది, ఎరువెవరికి చేరినది యను లెక్కను బట్టియే న్యాయాన్యాయములు తేలును.

ఈ లెక్క నేర్చుటకు సూళ్లూరుపేటవారు దూరదేశము పోనక్కఱలేదు. మనకుత్తరమున దొరవారిసత్రము మండలములో నేలపట్టు చెరువున్నది. అచ్చట గూడబాతులు కడపచెట్లపై గూళ్లు కట్టి, పులికాటు సరస్సున చేపలు పట్టి తెచ్చి పిల్లలను సాకును. వాని రెట్ట చెరువులో పడును. ఆ నీరు పొలమునకు బలమని రైతులెఱుగుదురు. 1976లో ప్రభుత్వము ఆ చోటును పక్షుల రక్షితస్థలముగా ప్రకటించెను. గోడలేదు, దొర లేడు, పక్షి రైతుగింజను దోచుటలేదు. గువ్వగూడు ఎట్లుండవలెనో ప్రకృతియే మన గుమ్మమున చూపుచున్నది.

రాజుల వైభవమును తక్కువచేయుచున్నామని కొందఱు కోపింతురు. ప్రజల కష్టార్జితమును మ్రింగిన కట్టడములను కాపాడుటెందుకని మఱికొందఱందురు. మొదటివారికి మా మనవి: సాలను దాచి మేడను చూపుట వైభవము గాదు, సగము చరిత్ర. రెండవవారికి: లెక్కపుస్తకమును కాల్చినచో అప్పుపడినవాడే సంతోషించును; అన్యాయము జరిగినదని చెప్పుటకైనను సాక్ష్యము నిలువవలెను.

కావున గృహస్థులారా, గృహిణులారా! పిల్లలను కోటకు తీసికొనిపోవునపుడు మొదట కొట్టములయొద్ద నిలుపుడు. ఈ జంతువు వెల యెవరిచ్చిరి, దీనిని సాకినవారెవరు, వారెట్లు బ్రదికిరి అను మూడు ప్రశ్నలు వారిచేత అడిగించుడు. గోడలపై పేర్లు చెక్కు దుష్టాభ్యాసమును మాన్పుడు. పిదప మేడకు కొనిపొండు. అప్పుడు వారికి దాని యెత్తుతోడనే దాని ఖరీదును తెలియగలదు.