చంటిపిల్లలూ ఓడెక్కొచ్చు

సంపాదకులకు,

పసిపిల్లలతో ఓడ షికారు డబ్బు దండగన్న గత సంచిక వ్యాసం ఒకవైపే చూసింది. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' ఓడ విశాఖ నుంచే చెన్నై వెళ్లింది. ఓడలోనైతే ఊరూరా మూటాముల్లె సర్దే పని లేదు. బిడ్డ నిద్రపోతే గది పక్కనే.

చిక్కులు వేరే ఉన్నాయి. చాలా విదేశీ ఓడలు ఆరు నెలలు నిండని పిల్లల్ని ఎక్కించుకోవు. డైపర్ పిల్లల్ని ఈతకొలనులోకి దిగనివ్వవు. టికెట్ కొనకముందే అడగాలి.

నది షికారులోనూ జాగ్రత్త కావాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల లాంచీ 'రాయల్ వశిష్ఠ' మునిగింది. అయినా పాపికొండల లాంచీ ఎక్కేటప్పుడు పిల్లల సైజు లైఫ్ జాకెట్ అడిగేదెందరు? తొడిగి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పైకి లాగి చూడాలి. చెవుల దాకా లేస్తే అది బిడ్డకు పెద్దదైనట్టే, మార్చమనాలి.

— ఒక పాఠకురాలు, దేవరాపల్లి