కొండ సరస్సులో ఈత: బోర్డు మీద లేని రెండు అంకెలు

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనే ఉన్న చిన్న ఊరు జియా సరాయ్. ఊరని పేరే గానీ ఎటు చూసినా ఇరుకు సందులు, అద్దె గదులు, పుస్తకాల దుకాణాలు, కోచింగ్ కేంద్రాలు. నెట్, గేట్, సివిల్స్ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులు ఇక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరి, దానికి రెండు మూడు రోజుల సెలవులు తోడైతే గదుల్లో మాట కొండల మీదికి మళ్లుతుంది. ఆనంద్ విహార్‌లో రాత్రి బస్సు ఎక్కితే సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని నైనీతాల్‌కు తెల్లవారేసరికి చేరుకోవచ్చు. ఇంకాస్త సాహసం ఉన్నవారు హిమాచల్‌లోని చంద్రతాల్‌ దాకా నడుస్తారు. వేసవి సెలవుల్లో ఊరి నుంచి అమ్మానాన్నలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చినా దాదాపు ఇదే దారి.

సరస్సు కనపడగానే గుంపులో ఎవరో ఒకరు "నాకు ఈత వచ్చు" అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ ఈత ఎక్కడ నేర్చుకున్నదో ఒకసారి చూడాలి. నడుముకు బెండు కట్టి మేనమామ బావిలోకి దింపితే వచ్చిన ఈత అది. లేదా ఊరి చెరువులో, పంట కాలువలో వచ్చినది. తెలుగు నేల మీద వేసవిలో ఆ నీరు సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మంచు కరిగి నిండిన సరస్సులో నీరు 10 డిగ్రీల లోపే ఉండవచ్చు. చేతులు కాళ్లు ఆడించే విద్య రెండు చోట్లా ఒకటే అయినా, దాన్ని ఆడించాల్సిన శరీరం మాత్రం రెండు చోట్లా ఒకేలా ప్రవర్తించదు. మన దగ్గర ఈత భద్రత గురించి జరిగే ప్రచారంలో ఈ ముక్క దాదాపు వినపడదు.

గాలితో పోలిస్తే నీటి ఉష్ణవాహకత సుమారు 25 రెట్లు ఎక్కువ. అందుకే 12 డిగ్రీల గాలిలో స్వెటర్ వేసుకుని గంటలు గడిపే మనిషి 12 డిగ్రీల నీటిలో నిమిషాల్లో చిక్కుల్లో పడతాడు. అయితే చాలామంది అనుకున్నట్లు మొదటి ప్రమాదం ఒళ్లు గడ్డకట్టడం కాదు. చర్మం ఒక్కసారిగా చల్లబడినప్పుడు మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా శ్వాస లోపలికి పీలుస్తాడు. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది నీరే. ఆ తర్వాత శ్వాస వేగం విపరీతంగా పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. మామూలుగా నిమిషం సేపు ఊపిరి బిగపట్టగలిగిన వ్యక్తి అప్పుడు కొన్ని సెకన్లు కూడా బిగపట్టలేడు. దీన్నే శీతల ఆఘాతం అంటారు. నీరు 15 డిగ్రీల కంటే తక్కువగా ఉన్నప్పుడు దీని తీవ్రత బాగా కనిపిస్తుంది. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైక్ టిప్టన్ దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నారు. ముఖం నీటిలో మునిగినప్పుడు గుండె వేగాన్ని తగ్గించమని ఒక ఆదేశం వెళ్తుందనీ, చర్మానికి తగిలిన చలి వేగం పెంచమని మరో ఆదేశం పంపుతుందనీ, రెండూ ఒకేసారి చేరితే గుండె లయ తప్పవచ్చనీ ఆయన, సహ పరిశోధకులు వివరించారు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని అందరికీ గుర్తుండేలా మూడు అంకెల్లో చెప్పారు: 1, 10, 1. చల్లని నీటిలో పడ్డాక శ్వాస అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులు, కాళ్లు చెప్పినట్టు వినేది సుమారు 10 నిమిషాలు. శరీర ఉష్ణోగ్రత పడిపోయి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. చలికి స్పృహ తప్పడానికే గంట పడుతుంటే, చాలామంది మొదటి నిమిషంలోనో ఆ తర్వాతి పది నిమిషాల్లోనో మునిగిపోతున్నారన్నమాట. ఈత వచ్చినవారు మునగడానికి కారణం ఇక్కడే ఉంది. పది నిమిషాల తర్వాత కండరాలకు రక్తం సరిగా అందక, చేయి ఎత్తాలని మెదడు చెప్పినా ఎత్తలేరు.

మన ఊళ్లలో కొన్ని గుండాలకు ఏటా ఒకరిని బలి తీసుకుంటాయన్న పేరు ఉంటుంది. ఢిల్లీ పొరుగున, ఫరీదాబాద్ వైపు ఆరావళి కొండల్లో ఉన్న ఒక నీటి గుంతను స్థానికులు ఖూనీ ఝీల్ అని పిలుస్తారు. అంటే హంతక సరస్సు. కొండల దాకా వెళ్లేందుకు డబ్బు, సెలవు లేని కుర్రాళ్లు ఇలాంటి చోట్లకే వెళ్తారు. నిజానికి ఇవి సహజ సరస్సులు కావు. రాయి, సిలికా ఇసుక తవ్వి వదిలేసిన గనులు. ఆరావళిలో తవ్వకాలను సుప్రీంకోర్టు 2002లో నిషేధించాక గుంతల్లో ఊట నీరు, వాన నీరు నిండి, నీలంగా, ఫొటోకి అందంగా తయారయ్యాయి. చెరువుకు గట్టు నుంచి నెమ్మదిగా దిగే వాలు ఉంటుంది, గనికి ఉండదు. ఒక అడుగు వరకు మోకాలి లోతు, మరో అడుగుకు తాటిచెట్టు లోతు. పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. హంతక సరస్సు అన్న పేరు నేరాన్ని నీటి మీదికి నెట్టేసి, గుంతను పూడ్చకుండా, కంచె వేయకుండా వదిలేసినవారిని తప్పిస్తుంది.

గని అయినా, కొండ సరస్సు అయినా, లోతైన నిలకడ నీటికి మరో గుణం ఉంది. ఎండకు పైనీరు వేడెక్కి తేలికవుతుంది. కింది నీరు చల్లగా, బరువుగా ఉండి పైకి రాదు. రెండింటి మధ్య పలుచని పొరలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. నైనీతాల్ సరస్సే ఇందుకు మంచి ఉదాహరణ. సుమారు 27 మీటర్ల లోతున్న ఆ సరస్సులో వేసవి పొడవునా పైనీరు, కింది నీరు కలవవు. అడుగున ప్రాణవాయువు తరిగిపోతుండటంతో 2007 నుంచి గొట్టాల ద్వారా అడుగుకు గాలి పంపవలసి వచ్చింది. ఒడ్డున పాదం పెట్టి "నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి" అనుకున్న మనిషి, గట్టు మీది నుంచి దూకితే చేరేది ఈ రెండో నీటిలోకే. కాలు పట్టి ఎవరో లాగినట్టు అనిపించిందని బతికి బయటపడ్డవారు చెప్పే కథల్లో కొన్నిటికి ఈ చలే కారణం కావచ్చు. దీనికి తోడు తేటనీరు కంటిని మోసం చేస్తుంది. కాంతి వక్రీభవనం వల్ల పైనుంచి చూస్తే 4 మీటర్ల లోతు 3 మీటర్లుగానే కనిపిస్తుంది.

నడిచి వెళ్లేవారికి ఇంకో సంగతి. చంద్రతాల్ సుమారు 4,250 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. చెమట పట్టేలా నడిచి, ఆయాసం తీరకముందే నీటిలోకి దూకడం గుండె మీద మోపే భారం అంతా ఇంతా కాదు. పిల్లల శరీరానికి బరువుతో పోలిస్తే చర్మ విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి వాళ్లు పెద్దల కంటే త్వరగా చల్లబడతారు. పైగా 2005 నుంచి చంద్రతాల్ రామ్‌సర్ జాబితాలోని చిత్తడి నేల. సబ్బు, సన్‌స్క్రీన్ లాంటివి చేరితే తట్టుకునే శక్తి అలాంటి నీటికి తక్కువ. కొన్ని సరస్సులను ఒడ్డున కూర్చుని చూడటమే సరైనది. దానివల్ల ప్రయాణం వృథా అయినట్టేమీ కాదు.

2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో బియాస్ నది ఒడ్డున రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ జలాశయం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ విషాదం తర్వాత పారే నీటి గురించి తెలుగు ఇళ్లలో ఒక భయం నాటుకుంది. మంచిదే. కానీ అదే భయం కదలని నీటి విషయంలో కలగలేదు. నది దగ్గర "జాగ్రత్త" అని ఫోన్ చేసే తల్లిదండ్రులు సరస్సు అనగానే ఊరట పడతారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో 2022లో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైనే.

అధికారుల స్పందన సాధారణంగా ఒకటే: "ఈత నిషేధం" అని బోర్డు పెట్టడం. ఎందుకు నిషేధమో ఆ బోర్డు చెప్పదు. లోతు రాయదు, నీటి ఉష్ణోగ్రత రాయదు. కారణం చెప్పని నిషేధాన్ని ఇరవై ఏళ్ల కుర్రాడు అధికారుల అలవాటుగా చూస్తాడు, దాటి వెళ్తాడు. బహిరంగ స్నానానికి తగిన నీరు ఎలా ఉండాలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్ణయించింది: కోలిఫాం సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు, కరిగిన ప్రాణవాయువు లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, ఇలా. రోగం రాకుండా చూసుకునే కొలతలు ఇవి, అవసరమైనవే. మనిషి మునగకుండా చూసుకునే కొలత మాత్రం ఆ పట్టికలో ఒక్కటీ లేదు. స్విట్జర్లాండ్‌లో సరస్సు ఒడ్డున ఉండే ఈత స్థలాల్లో ఆ రోజు నీటి ఉష్ణోగ్రతను పలక మీద రాయడం మామూలు విషయం. ఇక్కడ దానికి పెద్ద ఖర్చేమీ కాదు. తాడుకు కట్టిన ఉష్ణమాపకం, సుద్దముక్క, ఉదయం ఒకసారి రాసే మనిషి చాలు. లోతు కొలవడానికి ఏడాదికి ఒకసారి పడవ ఎక్కితే సరిపోతుంది. నిషేధం ఉన్న చోట కూడా "నీరు 9 డిగ్రీలు, ఒడ్డు నుంచి రెండు అడుగుల్లో 15 మీటర్ల లోతు" అన్న వాక్యం, నిషేధం అన్న ఒక్క మాట కంటే ఎక్కువమందిని ఆపుతుంది.

ఆ అంకెలు వచ్చేదాకా వెళ్లేవాళ్లు ఆగరు కాబట్టి, వారికి తెలియాల్సినవి కొన్ని. దూకకూడదు, నడుము లోతు వరకే నెమ్మదిగా, ముఖానికి, మెడకు నీళ్లు చల్లుకుంటూ దిగాలి. అనుకోకుండా పడిపోతే ఈదడానికి తొందరపడకుండా వెల్లకిలా తేలి, శ్వాస కుదుటపడే వరకు ఒక నిమిషం ఓపిక పట్టాలి. చలికి శరీరాన్ని అలవాటు చేయవచ్చు. రెండు మూడు నిమిషాల చొప్పున అయిదారుసార్లు చల్లని నీటిలో దిగినవారిలో ఆఘాతం సగానికి తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది, కానీ వారాంతపు ప్రయాణికులకు అంత వ్యవధి ఉండదు. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకడం వల్ల ఒక ప్రాణం పోయే చోట రెండు పోతాయి. చీర, పంచె, దుపట్టా, బ్యాగు పట్టీలు ఏది చేతికి అందితే అది విసరాలి. మూత బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నీళ్ల క్యాన్ మనిషిని కాసేపు తేల్చగలదు, అది దాదాపు ప్రతి కుటుంబం బండిలోనూ ఉంటుంది. బయటికి వచ్చాక కూడా శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంతసేపు తగ్గుతూనే ఉంటుంది. తడి బట్టలు విప్పించి, పొడి బట్టలు వేసి కూర్చోబెట్టాలి. వణుకుతున్న పిల్లవాణ్ణి వెంటనే పరుగెత్తించకూడదు.