గద్ద పిల్లను పట్టకండి, గొడ్డుకేసే సూదిని చూడండి

ఐరాల చుట్టుపక్కల యానాది, ఎరుకల, సుగాలి పల్లెల్లో ఉండే తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ ఒక మాట చెప్పాలి.

ఫోన్లో వీడియోలు చూసే ఉంటారు. అరబ్ దేశాల్లో ఒకాయన చేతికి తోలు తొడుగు వేసుకొని దాని మీద డేగను కూర్చోబెట్టుకుంటాడు. అక్కడ డేగలకు ఫారాలుంటాయి, పిల్లలు తీసి లక్షలకి అమ్ముతారు. అది చూసి "మనకి చెట్లెక్కడం వచ్చు, గూళ్ళు తెలుసు, నాలుగు వలలు కట్టి షెడ్డు వేస్తే పోలా?" అని ఎవరికైనా అనిపిస్తే తప్పు లేదు. కానీ దిగే ముందు వినండి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. డేగలూ, రాబందులూ చాలామటుకు అందులో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు. గద్ద పిల్ల కావాలనో, దీపావళికి గుడ్లగూబ కావాలనో బయటివాడు వచ్చి డబ్బు చూపిస్తాడు. దొరికిపోయినప్పుడు వాడుండడు, చెట్టెక్కినోడే ఉంటాడు. ఎరుకల వాళ్ళకి నేరస్తుల జాతి అన్న ముద్ర చట్టంలోంచి పోయింది 1952లో. జనం మనసుల్లోంచి ఇంకా పోలేదు. దానికి మనమే కొత్త కేసు అందించొద్దు.

మరి పంజరంలో వేటపక్షుల్ని పెంచడం ఇక్కడ అసలు జరగదా? జరుగుతుంది. అమ్మడానికి కాదు, తిరిగి ఆకాశంలోకి వదలడానికి. హర్యానాలో పింజోర్ దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అక్కడి అటవీశాఖ కలిసి 2001లో రాబందుల కేంద్రం పెట్టాయి. హైదరాబాద్ జూలో కూడా రాబందుల్ని పెంచే కేంద్రం ఉంది.

ఆ పని ఎంత ఓపికతో కూడుకున్నదో చూడండి. రాబందు జత ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల పెద్దదై తను గుడ్డు పెట్టడానికి సుమారు 5 ఏళ్ళు. గుంపుగా బతికే పక్షి కాబట్టి రెక్కలు చాపి ఎగిరేంత పెద్ద వలగది కట్టాలి, కొండచరియ లాంటి గట్లు పెట్టాలి. మొదటి గుడ్డును తీసి యంత్రంలో పొదిగిస్తే కొన్ని జతలు రెండోది పెడతాయి. పెట్టే మేక మాంసంలో మందు ఆనవాలు కూడా ఉండకూడదని మేకల్ని కొన్నాళ్ళు ఉంచుకొని చూసి మరీ కోస్తారు. ఇంత చేసి 2020లో పింజోర్ నుంచి బయటికి వదిలింది 8 రాబందుల్ని.

ఎందుకింత కష్టం? మీ ఇంట్లో అవ్వా తాతల్ని అడగండి, వాళ్ళ చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే ఎన్ని రాబందులు దిగేవో. 1990ల తర్వాత తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. కారణం కరువూ కాదు, మన వేటా కాదు. నొప్పికని పశువుకేసే డైక్లోఫినాక్ సూది. ఆ మందు పడ్డ గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి రోజుల్లోనే చస్తుంది. 2004లో ఈ సంగతి శాస్త్రవేత్తలు రుజువు చేశారు. 2006లో పశువులకి వాడకూడదని నిషేధం వచ్చింది. మనుషుల సీసాలే పశువులకి పోతుంటే 2015లో వాటిని 3 మి.లీ.కి తగ్గించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ కూడా పశువులకి ఆపారు.

రాబందు పోతే పక్షే కదా అనుకోవద్దు. కళేబరాలు కుళ్ళాయి, కుక్కలు పెరిగాయి, నీళ్ళు చెడ్డాయి. 2000 నుంచి 2005 దాకా దీనివల్ల దేశంలో 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో అచ్చైన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఊరవతల, కళేబరాలు పడేసే చోటికి దగ్గరగా ఉండేది ఎవరి గుడిసెలో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే నా మాట ఇది. వలగది ఎంత పెద్దది కట్టినా, బయట గొడ్డులో విషం ఉన్నంతకాలం అది జైలే. వదిలిన పక్షి మళ్ళీ చచ్చేదే. రాబందు బతికేదీ చచ్చేదీ పశువుల కొట్టం దగ్గర తేలుతుంది. చిత్తూరు జిల్లాలో పాడి లేని ఊరు అరుదు. ఆ కొట్టాల్లో పేడ తీసేదీ, గొడ్లు కాసేదీ మన వాళ్ళే.

ఇక కేంద్రాల విషయం. అవి పెట్టేవాళ్ళు మనల్ని కాపలాకీ, కూలికీ మాత్రమే పిలిస్తే చాలదు. ఎలుక కన్నం చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పే యానాది కుర్రోడికి, ఏ చెట్టు మీద ఏ పక్షి గూడు పెట్టిందో చదువుకున్నోళ్ళ కంటే ముందే తెలుస్తుంది. ఆ తెలివికి జీతం ఉండాలి, శిక్షణ ఉండాలి, నిర్ణయాల్లో మాట ఉండాలి. నాగాలాండ్‌లో పాంగ్తి ఊరిని చూడండి. 2012లో అక్కడి దోయాంగ్ జలాశయం దగ్గర వలల్లో లక్షకు పైగా అమూర్ డేగలు చచ్చాయని అంచనా. మరుసటి ఏడాదే ఊళ్ళో వాళ్ళు కూర్చొని వేట మానాలని తీర్మానం చేసుకున్నారు, ఆ ఏడాది వలలు పడలేదు. బయటినుంచి సాయం వచ్చింది నిజమే, కానీ ఆగింది ఊరు ఒప్పుకుంది కాబట్టి.

మనం రేపే చేయగలిగినవి మూడున్నాయి. గొడ్డుకి సూది వేసేటప్పుడు మందు పేరడగండి, రాబందుకి హాని చేయని మెలాక్సికామ్ ఉందని చెప్పండి. గద్ద గూడో గుడ్లగూబ గూడో కనబడితే దాని జోలికి పోకుండా ఎక్కడుందో, ఎప్పుడు చూశారో రాసిపెట్టుకోండి. రేపు ఉద్యోగం అడిగేటప్పుడు ఆ నోటుపుస్తకమే మీ సర్టిఫికెట్. మూడోది, పక్షుల పేరుతో ఏ కేంద్రం వచ్చినా ముందు అడగండి: ఇందులో మా పిల్లలకి ఏ పని ఇస్తారు?

లేపాక్షిలో రాముడు పడిపోయిన జటాయువును "లే పక్షీ" అన్నాడని మన సీమలో చెప్పుకుంటారు. ఇప్పుడు పక్షి లేవాలంటే ఆ మాట ఒక్కటే చాలదు. పక్షితోపాటు పక్షిని ఎరిగిన మనిషినీ లేవనియ్యాలి.